జాకీ బయట చేరిన రోజులు

వసారా తడిగుడ్డతో తుడుస్తుంటే గచ్చు మీద మూడు ఎర్రటి చుక్కలు కనపడ్డాయి వెంకటదుర్గకి. చూసీ చూడగానే ఆమె చెయ్యి వెనక్కి పోయి చీర తడుముకుంది. ముప్పయ్యేళ్ళ అలవాటు అది. బస్సులో సీటు మీంచి లేచినా, పెళ్ళిలో చాప మీంచి లేచినా ముందు ఆ చెయ్యి అక్కడికే పోతుంది. తడుముకున్నాక గాని గుర్తు రాలేదు, తనకి ఆగిపోయి ఏడాది అవుతోందని.

మరి ఈ నెత్తురెవరిది?

చుక్కల వెంట చూసుకుంటూ పోయింది. అవి స్తంభం దాకా ఉన్నాయి. స్తంభం మొదట్లో పెంపుడు కుక్క జాకీ పడుకుని, వెనక కాలు పైకెత్తి, తన్ను తాను నాకి శుభ్రం చేసుకుంటోంది. దుర్గ చూస్తోందని తెలిసి ఒకసారి తలెత్తింది. మళ్ళీ తన పనిలో పడిపోయింది. సిగ్గు లేదు, కంగారు లేదు. అన్నం తిని మూతి కడుక్కున్నట్టే ఉంది దాని వరస.

చేపల చెరువుకి కాపలా ఉంటుందని దుర్గ భర్త తాతాజీ భీమవరం నుంచి దాన్ని సంచిలో పెట్టుకుని తెచ్చాడు. ఆల్సేషన్ జాతి. మగపిల్ల అనుకునే తెచ్చాడు. పేరు కూడా దారిలోనే పెట్టేశాడు. ఇంటికొచ్చాక తల్లి అప్పాయమ్మ దాన్ని వెల్లకిలా తిప్పి చూసి, "ఒరే, ఇది ఆడదిరా" అంది. "ఆడదైతే మొరగదా ఏంటి" అన్నాడు తాతాజీ. పేరు మార్చలేదు. పాలు గుడ్డతో పిండి తాగించిందీ, పురుగుల మందు వేసిందీ, ఉరుములప్పుడు ఒళ్ళో పెట్టుకుందీ దుర్గ. కుక్క మాత్రం తాతాజీది. అడిగినవాళ్ళకి "మా జాకీ" అని ఆయనే చెప్పుకునేవాడు.

"ఏంటే ఆ మరకలు?"

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. డెబ్భై రెండేళ్ళొచ్చినా కళ్ళజోడు లేకుండా బియ్యంలో రాయి చూడగల మనిషి.

"జాకీవండీ అత్తయ్యగారూ. ఎదకొచ్చినట్టుంది."

అప్పాయమ్మ కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "మరి చూస్తా కూర్చున్నావేంటి? దేవుడిగది దాకా తిరిగేస్తుంది. బయట చేరింది బయటే ఉండాలి. తీసుకెళ్ళి పెరటిగదిలో కట్టెయ్."

"కుక్కక్కూడానా అండీ?"

"కుక్కదైతే నెత్తురు కాదా? పద."

పెరటిగది నూతికి అవతల ఉంటుంది. పైన రేకులు, మూడు పక్కల మట్టిగోడ. గుమ్మం ఉంది గాని తలుపు లేదు. ఒక మూల పిడకలు, ఒక మూల చుట్టిన చాప, దాని పక్కన సత్తు పళ్ళెం, సత్తు గ్లాసు. ఆ ఇంటి కోడళ్ళు నెలకి మూడేసి రోజులు అక్కడే కూర్చుంటారు. నాలుగో రోజు తలంటు పోసుకుని ఇంట్లోకొస్తారు. ఆ మూడు రోజుల్లో వాళ్ళని తాకినవాళ్ళు చెరువు గట్టెక్కకూడదు. ఎక్కితే తెల్లారేసరికి చేప పొట్ట పైకి పెట్టి తేలుతుందని తాతాజీకి గట్టి నమ్మకం. మిగతా రోజుల్లో ఆ చేపలకి తవుడూ చెక్కా కలిపి, ఆ మేత నీళ్ళలో కొంచెం కొంచెంగా రాలేట్టు సంచులకి చిల్లులు పొడిచి, మూతులు కట్టేది దుర్గే. అప్పుడు ఆమె చేతి వల్ల చేపకేమీ కాదు.

ఆగిపోయిన సంగతి దుర్గ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు ఉంటే కదా చెప్పడానికి. పోయిన కార్తీకంలో వచ్చింది. మార్గశిరంలో రాలేదు. అయినా తారీఖు రాగానే చాప పరుచుకుని పెరటిగదిలో కూర్చుంది. మొదటి నెల వస్తుందేమోనని కూర్చుంది. పుష్యంలో రాదని తెలిసే కూర్చుంది. ఎందుకు కూర్చున్నావంటే ఏం చెబుతుంది? ఆ ఇంట్లో కోడి కూయకముందు లేస్తే పొయ్యి, పేడ, పాలు, మేత సంచులు, కూలీలకి గంజి, ఆయనకి పలహారం, అత్తగారికి వేణ్ణీళ్ళు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం మళ్ళీ పొయ్యి. దుర్గా అన్న పిలుపు ఇంటి నాలుగు మూలల్నించీ వస్తూనే ఉంటుంది. ఆ మూడు రోజులు మాత్రం ఎవరూ పిలవరు. పిలిచినా పని చెప్పరు. పళ్ళెంలో అన్నం పెట్టి దూరం నుంచి తోస్తారు. తోస్తే తోశారు, అది తను వండని అన్నం. తిని, రేకుల మీద కాకి నడిచే చప్పుడు వింటూ పడుకునేది. ముప్పయ్యేళ్ళు తిట్టుకున్న గది, దాని అవసరం తీరిపోయాక తనదైంది. అబద్ధం ఆడుతున్నానన్న బెరుకు లేకపోలేదు. పెద్దావిడ ఆ మూడు రోజులూ పొయ్యి దగ్గర నిలబడుతోందన్న బాధా ఉంది. అయినా నెల తిరిగేసరికి కాళ్ళు అటే పోయేవి. తెలిసిపోతే ఆ గదీ ఉండదు, ఆ మూడు రోజులూ ఉండవు.

ఇప్పుడా గదిలోకే జాకీని తీసుకెళ్ళి కట్టింది. గోనెసంచి మడిచి వేసింది. జాకీ మూడుసార్లు గుండ్రంగా తిరిగి, సంచి మీద చుట్టుకుని పడుకుంది.

ఆ మధ్యాహ్నమే గేదెకి సూది వెయ్యడానికి పశువులాసుపత్రి కాంపౌండరు ముసలయ్య వచ్చాడు. దుర్గ ఆయన్ని పెరట్లోకి పిలిచింది. ఆయన గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని చూశాడు.

"ఎన్నో నెలమ్మా దీనికి?"

"తొమ్మిదోది నడుస్తోందండి."

"మొదటిసారన్నమాట. ఇప్పుడు మగకుక్కతో కట్టించకండి. ఒళ్ళు ఇంకా పెరగలేదు, ఎముక లేతగా ఉంది. ఇప్పుడు చూలైతే పిల్లలూ దక్కవు, ఇదీ పాడైపోతుంది. ఆర్నెల్లకి మళ్ళీ వస్తుంది. అప్పుడూ ఆగి, ఆ పైసారి చూసుకోండి."

"ఎన్నాళ్ళు కాయాలండి?"

"ఇరవై రోజులు. మొదటి తొమ్మిది రోజులు మీకు పని లేదమ్మా, అదే ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. ఆ తర్వాతే సంగతి. ఓ వారం రోజుల పాటు అదే వెతుక్కుంటూ పోతుంది. అప్పుడు కాయాలి."

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. దుర్గ చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

ఆర్నెల్లు ఆగండి, ఆ పైసారి చూసుకోండి. ఎంత సులువుగా అన్నాడు! దుర్గ పెద్దమనిషి అయింది పద్నాలుగో ఏట. వాళ్ళది పెద్దాపురం పక్క పల్లె. మరిడమ్మ జాతరలో కొనుక్కున్న గాజులు చేతికి వదులై జారిపోతుంటే దారం చుట్టి వేసుకునే వయసు. పిల్ల ఎదిగిందన్నారు. నాలుగో నెలలో పెళ్ళి చేశారు. పదిహేనో ఏట కానుపు. రెండు రోజులు నొప్పులు పడితే పుట్టిన బిడ్డ ఏడవలేదు. మంత్రసాని బయటికొచ్చి, "పిల్లింకా పిల్లేనండి, నేనేం చెయ్యను" అందిట. ఆ తర్వాత పదేళ్ళు కడుపు నిలవలేదు. ఆ పదేళ్ళలో భోజనాల దగ్గర విన్న మాటలన్నీ దుర్గకి వరసగా గుర్తున్నాయి. "గేదె కూడా ఏడాదికోసారి ఈనుతోంది" అని నవ్వుతూ అన్నది తాతాజీయే. కొడుకు ఉదయభాస్కర్ పుట్టాక గాని ఆ నవ్వు ఆగలేదు. వాడిప్పుడు భీమవరంలో ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉన్నాడు. ఒళ్ళు ఇంకా పెరగలేదు, కొన్నాళ్ళు ఆగండి అన్న మాట తన కోసం ఎవరూ అనలేదు. ఆ మాట ఒకటుంటుందని నలభై ఆరేళ్ళకి, ఒక కుక్క దగ్గర తెలిసింది. దుర్గకి ఏడుపు రాలేదు. ఆశ్చర్యం వేసింది.

సంగతి తాతాజీకి భోజనం దగ్గర తెలిసింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"మంచిదేగా! ఐసు ఫ్యాక్టరీ దొరబాబు ఎప్పణ్ణుంచో అడుగుతున్నాడు. వాళ్ళ రాకీ అసలైన ఆల్సేషన్. పదోరోజున కట్టించాలంటాడు. ఇవాళ శుక్రవారం, పై ఆదివారం అవుతుంది. రెండు పిల్లలు ఆయనకి, మిగతావి మనకి. మాటిచ్చేశాను."

"ముసలయ్యగారు ఇప్పుడొద్దన్నారండి. మొదటిసారంట, ఒళ్ళు..."

"ముసలయ్య గేదెలకి సూదులేసుకునేవాడు. ఆల్సేషన్ల సంగతి వాడికేం తెలుసు? పప్పు వెయ్యి."

పప్పు వేసింది.

"ఎదకొచ్చిందంటే దేనికొచ్చినట్టు? దాన్నడిగి కట్టించాలా ఏంటి?" అని తన మాటకి తనే నవ్వుకున్నాడు.

చెడ్డవాడు కాదు తాతాజీ. జ్వరం వస్తే మందు తెస్తాడు. పండక్కి చీర తెస్తాడు. అడగడమనేది ఒకటుంటుందని మాత్రం ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన దుర్గ ముప్పై రెండేళ్ళుగా పప్పు వేస్తూనే ఉంది.

ఆ రోజు నుంచీ పెరటిగది పని కూడా ఆమె మీద పడింది. రెండు పూటలా గోనెసంచి మార్చడం, నేల కడగడం, మజ్జిగన్నం కలపడం. జాకీ సరిగా తినేది కాదు. చేప తలకాయ ఉడకబెట్టి ముల్లు తీసి పెడితే నాలుగు ముద్దలు తిని, దుర్గ పాదం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకునేది. ఆ బరువు కదిలించబుద్ధయ్యేది కాదు. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా అలాగే కూర్చునేది.

నాలుగో రోజుకి ఊళ్ళో మగకుక్కలన్నీ పెరటి కంచె చుట్టూ చేరాయి. కల్లుపాక దగ్గర నల్లకుక్క, చెవి తెగిన కుక్క, కాలవ అవతల నుంచి ఈదుకుంటూ వచ్చిన కుంటికుక్క కూడా. అప్పాయమ్మ మట్టిబెడ్డలు ఏరి కొట్టేది. "పోండ్రా, మీ మొహాలు మండా! పెళ్ళిచూపులకొచ్చినట్టు వరసాగ్గా కూర్చున్నారు! కాఫీలు ఇమ్మంటారా?"

ఆరో రోజు మధ్యాహ్నం దుర్గ నూతిలో చేద వేసి తోడుతోంది. కంచె కింద మట్టి తవ్వుకుని ఒక గోధుమరంగు కుక్క లోపలికి వచ్చేసింది. పెద్దది. కాలవగట్టు మీద దూడని కరిచిందని అందరూ దానికి దూరంగా తిరుగుతారు. దుర్గ చేద వదిలేసి పరిగెత్తింది. అది అప్పటికే గదిలో దూరింది. జాకీ గొలుసుతో ఉంది, పారిపోవడానికి లేదు. అయిపోయిందనుకుంది దుర్గ.

జాకీ పారిపోవాలని చూడలేదు. వెనక భాగాన్ని నేలకి గట్టిగా ఆనించి కూర్చుంది. ఆ కుక్క అటు తిరిగితే తనూ అటే తిరిగింది. మీదికి రాబోతే ఒక్కసారి పళ్ళన్నీ బయటపెట్టి, మూతి మీద పటుక్కుమనిపించింది. కరవలేదు. కరుస్తానని చెప్పింది. గొంతులోంచి వచ్చిన ఆ చప్పుడు ఇన్ని నెలల్లో దుర్గ ఎప్పుడూ వినలేదు. దూడని కరిచిన ఆ పెద్దకుక్క, జాకీకి రెట్టింపున్న ఆ కుక్క, ఆగిపోయింది. చెవులు వెనక్కి పెట్టింది. ఒకసారి తల పక్కకి తిప్పుకుంది. తవ్వుకొచ్చిన కంతలోంచే వెళ్ళిపోయింది. జాకీ లేచి ఒళ్ళు దులుపుకుని, చిప్పలో నీళ్ళు తాగింది.

దుర్గ గుమ్మం బయట అలాగే నిలబడింది. ఎవరు నేర్పారు దీనికి? కన్నుతెరవకముందే తల్లి దగ్గర్నుంచి తెచ్చేశారు. ఇంకో ఆడకుక్క మొహం చూడలేదు. పుట్టి తొమ్మిది నెలలు కాలేదు, మెడకి గొలుసు, పక్కన పిడకలు. అయినా వద్దంటే ఎలా ఉండాలో దానికి తెలుసు. నేల మీద ఎలా కూర్చోవాలో, పళ్ళు ఎంత చూపించాలో, ఎక్కడ ఆపాలో అన్నీ తెలుసు. ఏడవలేదు, బతిమాలలేదు, తలనొప్పిగా ఉందని చెప్పలేదు. పక్కగదిలో ఎవరైనా వింటారేమోనని గొంతు తగ్గించలేదు. ఆ మగకుక్క కూడా దాని మొహం చూసి అదేంటని అడగలేదు, నీకంత పొగరా అనలేదు, వెళ్ళిపోయింది. లోకంలో ఇది ఇంత మామూలు సంగతా? పద్నాలుగేళ్ళప్పుడు శోభనం గదిలో, మంచం పట్టె పట్టుకుని, తను కూడా ఇలాగే నేలకి అతుక్కుని కూర్చుంది. బయట ఆడవాళ్ళు నవ్వుతున్నారు. లోపలెక్కడో తనకీ ఇలాంటి చప్పుడు ఒకటి పుట్టే ఉంటుంది. అది గొంతు దాకా రాకుండా ఎవరాపారు? ఎప్పుడాపారు? అమ్మా? నవ్విన ఆడవాళ్ళా? దుర్గ చెయ్యి తన మెడ మీదికి పోయింది, అక్కడ ఏదో వెతుక్కుంటున్నట్టు.

తొమ్మిదో రోజు తెల్లారేసరికి జాకీ మారిపోయింది. నెత్తురు పల్చబడి, మాంసం కడిగిన నీళ్ళలా ఉంది. గొలుసు చివరిదాకా లాక్కుని, కంచె వైపు మూతి పెట్టి, సన్నగా మూలుగుతోంది. చెవి తెగిన కుక్క కంచె అవతల కనపడితే తోక పక్కకి తిప్పి నిలబడింది. దుర్గ నిర్ఘాంతపోయింది. మొన్న కాదన్నది ఇదేనా? ఎంత కచ్చితంగా వద్దందో ఇప్పుడు అంత కచ్చితంగానూ కావాలంటోంది. రెండూ దాని మాటలే. రెండింట్లోనూ అబద్ధం లేదు. మరి తను ఏం చెయ్యాలి? దాని ఇష్టం దానిది, వదిలేద్దామా అనిపించింది ఒక క్షణం. కానీ ముసలయ్య చెప్పిన లేత ఎముక గుర్తొచ్చింది. రెండు రోజుల నొప్పులు గుర్తొచ్చాయి. పిల్ల ఎదిగిందని అందరూ ఒళ్ళు చూసే అన్నారు. ఆ ఒళ్ళు ఇంకా పిల్లదేనని ఎవరో ఒకరు పక్కన నిలబడి చెప్పాలి. ఆ ఒకరు ఆ రోజు లేరు. ఇవాళ ఉన్నారు, అంతే తేడా. కోపమొస్తే రానీ దీనికి, అనుకుంది.

రేపే ఆదివారం. దొరబాబు వస్తాడు. తాతాజీకి ఇంకోసారి చెప్పి చూసింది. "చెప్పిందే చెబుతావేంటే. మాటిచ్చానన్నానా?" అన్నాడు. బుధవారం చెరువు పట్టుబడి. వలవాళ్ళకీ లారీకీ చెప్పుకుంటూ హడావుడిగా ఉన్నాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే దుర్గ చాప తీసుకుని పెరటిగదిలోకి వెళ్ళి జాకీ పక్కన కూర్చుంది.

అప్పాయమ్మ వచ్చి నూతి దగ్గర ఆగింది. "ఇదేంటే? నువ్వు కూర్చుని పదిహేను రోజులు కాలేదు కదా."

"ముందొచ్చిందండి."

అత్తగారు ఆమెని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. పొయ్యి దగ్గరికి పోయింది.

ఆదివారం పొద్దున్నే దొరబాబు మారుతీ వ్యానులో రాకీని ఎక్కించుకొచ్చాడు. సెంటు వాసన పెరటి దాకా వచ్చింది. తాతాజీ గదికి పది అడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"నిన్నే చేరాలా నువ్వు? గొలుసు విప్పి ఇటు వదులు."

"దాన్ని నేను తాకానండి. ఒళ్ళో పడుకుంది రాత్రంతా. మీరు పట్టుకుంటే మైల మీకొస్తుంది. బుధవారం పట్టుబడి."

తాతాజీ గొలుసు కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దొరబాబు పగలబడి నవ్వాడు. "మీరింకా ఇవన్నీ పట్టుకుని వేలాడుతున్నారా అన్నయ్యగారూ? కంప్యూటర్లొచ్చేశాయి!"

"నవ్వితే నవ్వండి గాని, చెరువు సంగతిలో నేను తేడా రానివ్వను. మంగళవారం తలంటు పోసుకుంటుంది. ఆ పొద్దున రండి. అప్పటికీ సమయం దాటదుగా?"

"ఏం దాటదు. ఇంకా మంచిది."

వ్యాను వెళ్ళిపోయింది. దుర్గ జాకీ పొట్ట మీద చెయ్యి వేసింది. లోపల గుండె గబగబా కొట్టుకుంటోంది. తనది కూడా.

మూడు రోజులు ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. జాకీ గొలుసు లాగి లాగి మెడ ఒరుసుకుపోతే దుర్గ కొబ్బరినూనె రాసింది. నన్నెందుకు ఆపుతున్నావన్నట్టు అది చూసేది. "తిట్టుకోవే, తిట్టుకో" అనేది దుర్గ. అలిసిపోయి ఒళ్ళో తల పెట్టేది. దాని ఒళ్ళు కాలుతున్నట్టు ఉండేది. ఇంత చిన్న ఒంట్లో ఇంత పెద్ద పని తనంతట తాను జరిగిపోతోంది. ఏ రోజు ఏం కావాలో రోజులు చూసుకుని మరీ చేస్తోంది. తన ఒంట్లోనూ ముప్పయ్యేళ్ళు ఇదే జరిగింది. ఆగిపోవడం కూడా అదే చూసుకుంది, ఎవరి చేతా చెప్పించుకోకుండా. దాన్ని పట్టుకుని తను ముట్టనీ మైలనీ మూల కూర్చుంది గాని, ఒక్కనాడైనా ఇలా చెయ్యి వేసి చూసుకుందా? ఆ ఆలోచనకే దుర్గకి ఒళ్ళు జలదరించింది. ఏదో పెద్ద గుడిలోకి చెప్పులతో వచ్చేసినట్టు అనిపించింది. ఆ గుడి తన ఒళ్ళే.

మంగళవారం పొద్దున వ్యాను మళ్ళీ వచ్చింది. రాకీ లోపల నుంచే మొరుగుతోంది. జాకీ ముందుకాళ్ళు పైకి లేపి గొలుసుకి వేలాడుతోంది.

"స్నానం అయిందా?" అన్నాడు తాతాజీ దూరం నుంచి.

"ఇంకా తగ్గలేదండి."

"తగ్గకపోవడమేంటి? నాలుగోరోజు కదా! అమ్మా, ఇదేంటి?"

నూతి చప్టా మీద గిన్నెలు తోముతున్న అప్పాయమ్మ తలెత్తలేదు.

దొరబాబు చేతిగడియారం చూసుకున్నాడు. "ఎందుకండీ ఈ గొడవంతా. మీరు ముట్టుకోకండి, నేను పట్టుకొస్తాను. మాకీ పట్టింపులు లేవు వదినగారూ, చదువుకున్నవాళ్ళం" అంటూ ప్యాంటు కొంచెం పైకి లాక్కుని గది వైపు నడిచాడు.

దుర్గ ఆ బూట్ల వైపు చూసింది. తను కట్టుకున్న గోడ నమ్మినవాడినే ఆపుతుంది. నమ్మనివాడికి అది గోడే కాదు. పది అడుగులు, ఎనిమిది. ఇంకో అబద్ధం వెతికింది. దొరకలేదు. లేచి గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులూ ద్వారబంధాలకి ఆనించింది.

"దొరబాబుగారూ, అక్కడ ఆగండి."

గొంతు తనదేనా అనిపించింది. పెద్దగా లేదు. కానీ దొరబాబు ఆగాడు.

"ఏమండీ, నేను బయట చేరలేదు. నాకు ఆగిపోయి ఏడాదైంది."

తాతాజీ నోరు తెరుచుకుంది. "ఏంటీ? మరి నెలనెలా..."

"కూర్చున్నాను. నాకు కావలసి కూర్చున్నాను. ఇప్పుడు మైలా లేదు, ఏమీ లేదు. మీరు నన్ను తాకొచ్చు, తాకి గట్టెక్కొచ్చు, మీ చేపలకేం కాదు. అయినా ఈ గుమ్మం దాటి ఎవరూ రాకండి. జాకీని ఇవ్వను. దాని ఒళ్ళు పెరిగాక చూద్దాం. అప్పటిదాకా నేను ఇక్కడే ఉంటాను."

నూతి దగ్గర గిన్నెల చప్పుడు ఆగిపోయింది. దొరబాబు తాతాజీ మొహం చూశాడు. తాతాజీ నేల చూశాడు.

"అన్నయ్యగారూ, ముందు ఇంట్లో తేల్చుకుని అప్పుడు కబురు చెయ్యండి" అని దొరబాబు వెనక్కి తిరిగాడు. వ్యాను శబ్దం కాలవ మలుపు దాకా వినపడి తగ్గిపోయింది.

తాతాజీ మొహం కందగడ్డలా అయింది. "అమ్మా, విన్నావా? ఏడాదిగా నిన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి ఇది ఇక్కడ కాళ్ళు చాపుకుని కూర్చుందంట! ఈ వయసులో నీ చేత వండించిందంట!"

"విన్నాన్లే. నాకు చెవుడా?" అంది అప్పాయమ్మ. "నువ్వు చెరువుకి పో. వలవాళ్ళు వస్తారు."

"అది కాదమ్మా..."

"పొమ్మన్నానా?"

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పాయమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ పెరటిగది వైపు వచ్చింది. కుచ్చెళ్ళు పైకెత్తలేదు. గుమ్మం దగ్గర మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగి, గడప మీద కూర్చుంది. దుర్గ చేతులు ఇంకా ద్వారబంధాల మీదే ఉన్నాయి, దించడం మర్చిపోయినట్టు. తిట్లు మొదలవుతాయని చూస్తోంది.

"ఏడాదిగా పెరటి దండెం మీద నీ గుడ్డ ఒక్కటీ ఆరలేదు" అంది అత్తగారు. "నాకు కనపడదనుకున్నావా?"

దుర్గ ద్వారబంధాల మీంచి చేతులు దించింది. "మరి... తెలిసి కూడా వండి పెట్టారా అండీ? ఎందుకు అడగలేదు నన్ను?"

అప్పాయమ్మ చెయ్యి చాపింది. జాకీ ఆ వేళ్ళు వాసన చూసి, ఆ ముడతల అరచేతిలో గడ్డం ఆనించింది.

"ఆగిపోయాక నేను నాలుగేళ్ళు కూర్చున్నానే" అంది.